పతంగి పుట్టుపూర్వోత్తరాలు రాద్దాం రండి

పిల్లలూ, ఈ సంక్రాంతికి మీ మేడ మీద వచ్చి పడే తెగిన పతంగుల్లో ఒక్కదాన్నైనా పారెయ్యకుండా దాచిపెట్టండి. చిరిగినా ఫరవాలేదు. చిరిగితే ఒకందుకు మంచిదే, లోపలి కట్టు కళ్ళకు కనబడుతుంది. పతంగి ఎగరెయ్యడం మీకు నేను నేర్పక్కర్లేదు. భోగి నాడు పొద్దెక్కాక దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్‌బీనగర్‌లలో ఏ మేడ చూసినా మీ ఈడు వాళ్ళే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది వేరే. చేతికందిన పతంగిని విప్పి చదవడం, చదివిన సంగతిని రాసిపెట్టడం.

"అందులో చదవడానికేముంది తాతా, ఒక కాగితం, రెండు పుల్లలే కదా!" అంటారేమో. ఆ రెండు పుల్లల్లో కొన్ని తరాల ఆలోచన ఉంది. ఎట్లాగో చూపిస్తాను, పతంగిని ఇలా చాప మీద బోర్లా వెయ్యండి.

నిలువుగా ఉన్న బద్ద ఠడ్డా. అడ్డంగా విల్లు వంచినట్టున్నది కమాన్. రెండూ వెదురువే గానీ రెండిటినీ ఒక్క తీరుగా చెక్కలేదు. ఠడ్డాను వేళ్ళతో వంచి చూడండి, మొండికేస్తుంది. కమాన్‌ను వంచండి, ఇట్టే వంగి, వదిలిన వెంటనే మళ్ళీ సర్దుకుంటుంది. అది నడుమ కాస్త మందంగా, కొసలకు పోయే కొద్దీ సన్నగా ఉంటుంది. ఒక పక్క నున్నగా మెరుస్తుంది చూడండి, అది వెదురు పైచర్మం. వెదురు బొంగును అడ్డంగా కోసి, భూతద్దం పెట్టి చూస్తే చిన్న చిన్న చుక్కలు కనబడతాయి. అవి నారకట్టలు. చర్మం దగ్గర ఒత్తుగా, లోపలికి పోయే కొద్దీ పలచగా ఉంటాయి. వెదురు బలమంతా ఆ నారలోదే. అందుకే పని తెలిసినవాళ్ళు బద్దను లోపలి వైపు నుంచి చెక్కి సన్నం చేస్తారు, చర్మం జోలికి పోరు. కణుపు దగ్గర బద్ద సమంగా వంగదు కాబట్టి కమాన్‌కు కణుపు లేని ముక్కను ఏరుకుంటారు. వృక్షశాస్త్రం పుస్తకం తెరవకుండానే ఆ చేతులకు వెదురు సంగతి తెలుసు.

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరికి వద్దాం. మన పతంగికి పొడుగాటి తోక ఉండదు. తోక ఉన్న పతంగిని, ఆ తోక మీద గాలి లాగే లాగుడు తల పైకి ఉండేట్టు నిలబెడుతుంది. మరి తోక లేనిది ఎట్లా నిలుస్తుంది? మీరు దారం లాగినప్పుడు కాగితం మీద గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కమాన్ రెండు కొసలూ వెనక్కి వంగుతాయి. అట్లా వెనక్కి వంగిన రెక్కలు తమంతట తామే నిలకడ తెచ్చుకుంటాయి. పతంగి ఒక పక్కకు ఒరిగితే, ఒరిగిన వైపు రెక్క గాలికి ఎక్కువ ఎదురవుతుంది, గాలి దాన్ని మళ్ళీ సరిచేస్తుంది. అప్పుడు పతంగి ముక్కు ఎటు ఉంటే అటు దూసుకుపోతుంది. దారం వదులు చేశారనుకోండి, ఒత్తిడి తగ్గి రెక్కలు చదునవుతాయి. చదునైన పతంగికి నిలకడ ఉండదు, గిరగిరా తిరుగుతుంది. తిరుగుతూ తిరుగుతూ ముక్కు మీకు కావలసిన దిక్కుకు వచ్చిన క్షణంలో మళ్ళీ లాగితే అటే పోతుంది. లాగితే పరుగు, వదిలితే మలుపు. మీరు పతంగిని కిందికి దూకించి గోత్ కొట్టించినప్పుడల్లా చేస్తున్నది ఇదే. చుక్కాని లేదు, రెండో దారం లేదు. తిప్పే యంత్రాంగమంతా ఆ కమాన్ మందంలోనే ఉంది.

ఇక సూత్రం, అంటే పతంగికి కట్టే దారాల కట్టు. దీన్ని హైదరాబాద్‌లో కన్నాలు కట్టడం అంటారు. కమాన్, ఠడ్డా కలిసే చోట ఒక ముడి, కింద ఠడ్డా మీద ఇంకో ముడి. పై దారాన్ని కొద్దిగా పొట్టి చేస్తే పతంగి గాలికి పడుకున్నట్టు ఒరుగుతుంది, గాలి జోరుగా ఉన్న రోజున అది కావాలి. కింది దారాన్ని పొట్టి చేస్తే గాలికి నిటారుగా ఎదురొడ్డుతుంది. వేలి వెడల్పు తేడాతో ఎగిరే పతంగి ఎగరకుండా పోతుంది. విమానం రెక్క గాలిని ఏ కోణంలో కొయ్యాలో ఇంజినీర్లు లెక్కలు వేస్తారు. మీ అన్నయ్య రెండు ముడులు వేసి, వేలితో ఎత్తి చూసి, ఊఁ అంటాడే, అదీ ఆ కోణాన్ని కుదర్చడమే.

గాలి ఎంత బలంగా తోస్తుందో కూడా లెక్క కట్టవచ్చు. మేడ మీద చిన్న జెండా విచ్చుకుని ఎగురుతూ, వేపచెట్టు ఆకులూ సన్నరెమ్మలూ ఆగకుండా కదులుతుంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల వేగంతో ఉన్నట్టు. గంటకు 15 కిలోమీటర్ల గాలి, తనకు ఎదురొడ్డిన ఒక చదరపు మీటరు కాగితాన్ని సుమారుగా ఒక కిలో బరువంత బలంతో నెడుతుంది. వేగం రెట్టింపయితే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అందుకే కాస్త గాలి హెచ్చగానే కాగితం ఫట్టున చిరుగుతుంది.

మన పక్క గాలికి ఇంకో సంగతి ఉంది. సంక్రాంతి తెల్లవారుజామున మేడ ఎక్కితే పతంగి లేవదు. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి బరువెక్కి కదలకుండా పడి ఉంటుంది. పైన వీచే గాలి దాని మీదుగా జారిపోతుంది. ఎండ ముదిరి నేల వేడెక్కాక కింది గాలి పైకి లేచి, పై గాలి కిందికి దిగి రెండూ కలుస్తాయి. అప్పుడు పతంగులు లేస్తాయి. సాయంత్రానికి మళ్ళీ సద్దుమణుగుతుంది. ఇక అపార్ట్‌మెంట్ల సంగతి. గాలి ఎత్తయిన గోడకు తగిలి, పైఅంచు దాటాక సుడులు తిరుగుతుంది. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో పక్క బిల్డింగ్ మనకన్నా ఎత్తుగా ఉంటే, దాని వెనక సుడిలో పతంగి పిచ్చిగా కొట్టుకుంటుంది. దాన్ని ఆ సుడి దాటించి పైకి చేరిస్తే ప్రశాంతంగా నిలుస్తుంది. సరూర్‌నగర్ చెరువు వైపు అడ్డు తక్కువ కాబట్టి అక్కడి గాలి తిన్నగా వస్తుంది. ఒక నోట్‌బుక్కులో గంటగంటకూ గాలి దిక్కు, బలం రాసుకోండి. మూడు రోజుల పండగకు మీ మేడ గాలి స్వభావం మీకు తెలిసిపోతుంది.

"ఇదంతా మొదట కనిపెట్టింది ఎవరు తాతా?" అని అడిగారా, ఇక్కడే చిక్కు. మట్టికుండ పెంకు రెండువేల ఏళ్ళు భూమిలో పడి ఉన్నా దొరుకుతుంది. నాణెం దొరుకుతుంది, గాజుపూస దొరుకుతుంది. పతంగి ఒక్క వానకు పోతుంది. వెదురును పురుగు తొలుస్తుంది, పిండి బంకను వెండిపురుగులు తింటాయి, కాగితం ఎండకు పెళుసవుతుంది. తవ్వకాల్లో దొరకని వస్తువు చరిత్ర ఎట్లా తెలియాలి? మూడే దారులు. ఎవరైనా రాసి ఉండాలి, ఎవరైనా బొమ్మ గీసి ఉండాలి, లేదా ఆ పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఆగకుండా వచ్చి ఉండాలి.

చైనావాళ్ళ పాత రాతల్లో మోజీ అనే తత్వవేత్త సంగతి ఉంది. ఆయన క్రీస్తుకు ముందు 5వ శతాబ్దం వాడు. మూడేళ్ళు కష్టపడి చెక్కతో గద్దను చేస్తే అది ఒక్క రోజు ఎగిరి విరిగిపోయిందట. అక్కడి రాజసభలో కాయ్ లున్ కాగితం తయారీని విన్నవించినది క్రీస్తుశకం 105లో. అంటే కాగితం రాకముందే మనిషికి గాలిలోకి ఏదో ఒకటి ఎగరెయ్యాలన్న ఆశ ఉంది. ఇండోనేషియాలోని మునా దీవిలో ఈనాటికీ అడవి దుంపతీగ ఎండుటాకులను వెదురుపుల్లలతో కుట్టి పతంగులు చేస్తారు. ఆకుతో పతంగి చెయ్యగలిగినవాళ్ళకు కాగితంతో పనేముంది? మన దేశానికి వస్తే, మొఘల్ కాలపు సూక్ష్మచిత్రాల్లో పతంగులు ఎగరేసేవాళ్ళు కనబడతారు. ఆ చిత్రకారులు తమకు తెలియకుండానే మనకు సాక్ష్యం మిగిల్చారు.

రాయడంలో ఆలస్యమైతే ఏమవుతుందో రెండు కథలు చెబుతాను. 1749లో స్కాట్లాండ్‌లో అలెగ్జాండర్ విల్సన్, తన మిత్రుడు థామస్ మెల్విల్‌తో కలిసి పతంగులను వరసగా ఒకే దారానికి కట్టి, వాటితో థర్మామీటర్లను మేఘాల దాకా పంపాడు. పైన ఎంత చల్లగా ఉందో కొలవడానికి పతంగిని వాడిన తొలి ప్రయోగాల్లో అదొకటి. ఆ వివరాలు లోకానికి తెలిసింది మాత్రం చాలా ఏళ్ళ తర్వాత, విల్సన్ కొడుకు తండ్రి జీవితకథ రాసినప్పుడు. మూడేళ్ళకు, 1752లో, అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉరుముల మబ్బులోకి పతంగి ఎగరేసి, మెరుపు కూడా విద్యుత్తేనని తేల్చాడన్నది మీ పాఠ్యపుస్తకంలోనే ఉంటుంది. ఆయన అదే ఏడాది అక్టోబరులో పత్రికలో ప్రయోగం చేసే పద్ధతి రాశాడు గానీ, తాను ఏ రోజు చేశాడో రాయలేదు. వివరంగా రాసినది జోసెఫ్ ప్రీస్ట్లీ, 1767లో. చూసిన సాక్షి ఫ్రాంక్లిన్ కొడుకు ఒక్కడే. అందుకని ఆ ప్రయోగం ఎప్పుడు, ఎట్లా జరిగిందన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఒక్క తేదీ విలువ ఎంతో చూశారా?

ఆ ప్రయోగం మీరెవరూ చెయ్యకండి. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త మెరుపును ఇంట్లోకి దింపే కడ్డీతో ప్రయోగం చేస్తూ పిడుగుపాటుకు చనిపోయాడు. మనకు మబ్బు కూడా అక్కర్లేదు. మలక్‌పేట నుంచి ఎల్‌బీనగర్ దాకా రోడ్డు నడుమ మెట్రో రైలు తీగల్లో 25,000 వోల్టుల కరెంటు పారుతుంటుంది. తడి దారం, లోహపు పొడి అంటిన దారం కరెంటును మోస్తాయి. ఆ తీగకు, లేదా కరెంటు స్తంభానికి చిక్కిన పతంగిని వదిలెయ్యండి. దాని కోసం కర్ర తీసుకుని వెళ్ళకండి.

ఇప్పుడు వేళకు రాసిపెట్టిన మనిషి కథ వినండి. ఆస్ట్రేలియాలో లారెన్స్ హార్‌గ్రేవ్ అనే ఆయన 1893లో పెట్టె ఆకారపు పతంగిని కనిపెట్టాడు. 1894 నవంబరు 12న నాలుగు పెట్టె పతంగులను ఒకే దారానికి కట్టి, వాటికి వేలాడి నేల నుంచి 16 అడుగులు లేచాడు. తన పనికి పేటెంటు తీసుకోలేదు. కొలతలు, బొమ్మలు, లెక్కలు అన్నీ సిడ్నీలోని శాస్త్ర సంఘం పత్రికలో అచ్చు వేయించాడు, ఎవరైనా వాడుకోవచ్చన్నాడు. ఆ కొలతలు చూసి వాతావరణ శాస్త్రజ్ఞులు పెట్టె పతంగులు చేసుకున్నారు. 1906లో పారిస్‌లో సాంటోస్ డ్యుమాంట్ ఎగరేసిన విమానం రెక్కలు ఆ పెట్టెల కట్టుబడివే. 1919లో జర్మనీలోని లిండెన్‌బర్గ్ వేధశాలవాళ్ళు వరస పతంగులతో పరికరాలను 9,700 మీటర్లకు పైగా ఎత్తుకు పంపారు. అది ఎవరెస్టు శిఖరం కన్నా ఎత్తు. 1901 డిసెంబరులో అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చిన రేడియో సంకేతాన్ని పట్టడానికి మార్కోనీ తన ఏరియల్ తీగను పతంగితోనే పైకెత్తాడు. ఇవాళ పైగాలిని కొలిచే పని బెలూన్లది. మన నగరంలోనే ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళ బెలూన్ కేంద్రం 1969 నుంచి పరికరాలను ఆకాశంలోకి పంపుతోంది.

పతంగులనే దాచినవాళ్ళూ ఉన్నారు. అహ్మదాబాద్‌లో భానుభాయ్ షా అనే ఆయన దశాబ్దాల పాటు పతంగులు సేకరించి ఊరికి ఇచ్చేశాడు. వాటితో సంస్కార్ కేంద్ర భవనంలో పతంగుల మ్యూజియం పెట్టారు. టోక్యోలో రెస్టారెంట్ నడిపే షింగో మొదేగి 1977లో తన పతంగులతో మ్యూజియం తెరిచాడు. ఇద్దరూ చేసింది ఒకటే. తమకు ఇష్టమైనదాన్ని పోగు చేసి, ఎక్కడిదో ఏమిటో గుర్తుగా రాసి దాచారు.

మన హైదరాబాద్‌కు పతంగి పుట్టిల్లు ధూల్‌పేట. అక్కడి కుటుంబాలు ఒక కాలంలో రాఖీలు, ఒక కాలంలో వినాయక విగ్రహాలు, చలికాలంలో పతంగులు చేస్తారు. డిసెంబరు వచ్చేసరికి గుల్జార్‌హౌజ్ నుంచి మన దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్క దుకాణాల దాకా కట్టలు కట్టలుగా వస్తాయి. చంద్రుడి గుర్తున్న చాంద్, నామం, లంగోట్, ఒక్కో అలంకారానికి ఒక్కో పేరు. 2018లో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో అంతర్జాతీయ పతంగుల పండగ జరిగితే దేశదేశాల వాళ్ళు పెద్ద పెద్ద పతంగులు తెచ్చి ఎగరేశారు. అవి చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఒక్క దారంతో పరుగెత్తించి, మళ్ళించే మన చిన్న పతంగిలో ఉన్న పనితనం దేనికీ తీసిపోదు. ఆ పనితనం ఇప్పటికీ ఎక్కువ భాగం చేతుల్లోనే ఉంది, కాగితం మీదికి రావాలి.

అవతలి పతంగిని తెంచే దారం, మాంజా సంగతి కూడా రాయండి, ఎందుకంటే అదీ చరిత్రే. అన్నం మెత్తగా ఉడికించి, రంగు, మెత్తటి గాజుపొడి కలిపి, రెండు స్తంభాల మధ్య కట్టిన నూలు దారానికి చేత్తో పట్టించేవాళ్ళు. అన్నంలోని పిండిపదార్థం ఆరి గాజును దారానికి అంటిపెడుతుంది. రెండు దారాలు పెనవేసుకుని పేంచ్ పడ్డప్పుడు, దారం వదులుతూ ఢీల్ ఇస్తే ఎందుకు గెలుస్తారంటే, మన దారం కొత్త కొత్త పొడవు జరుగుతూ అవతలివాళ్ళ దారాన్ని ఒకే చోట రంపంలా రాస్తుంది. వాళ్ళ దారం ఆ ఒక్క చోట అరిగి తెగుతుంది. తెగగానే 'అఫా!' అని కేక.

ఆ కేక కోసం మనుషుల ప్రాణాలు పోతున్నాయి, పిల్లలూ. ఆ తర్వాత వచ్చిన నైలాన్ మాంజా నూలులా తెగదు, కుళ్ళదు. మట్టిలోని సూక్ష్మజీవులు నూలును తినేస్తాయి, నైలాన్‌ను తినలేవు. చెట్టుకొమ్మల్లో అది నెలల తరబడి బిగుసుకుని ఉండి గద్దల రెక్కలు, కొంగల కాళ్ళు కోస్తుంది. ఎల్‌బీనగర్ దాటగానే వనస్థలిపురంలో కృష్ణజింకలు తిరిగే మహావీర్ హరిణ వనస్థలి ఉంది, అక్కడి చెట్ల మీద పక్షులకు ఇంకెక్కడ చోటు? 2024 జనవరిలో లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద బైకు మీద వెళుతున్న ఒక సైనికుడి మెడకు మాంజా కోసుకుని ఆయన చనిపోయాడు. చైనా మాంజా అని పిలిచే ఈ నైలాన్ దారాన్ని మన రాష్ట్ర ప్రభుత్వం 2016లోనే నిషేధించింది. 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్, సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించింది. గాజు పూసిన దారానికీ నిషేధం వర్తిస్తుంది. పాత మాంజా ఎట్లా చేసేవాళ్ళో పెద్దలను అడిగి రాసుకోండి, చెయ్యకండి. ఎగరెయ్యడానికి ఏమీ పూయని నూలుదారం, మనవాళ్ళు సద్ది అంటారే, అది చాలు. దిక్కు తిప్పే విద్య కమాన్‌లో ఉంది, గాజులో లేదు.

సరే, ఇక పనిలోకి దిగుదాం. దాచిన పతంగిని చదునుగా పరచండి. పక్కన స్కేలు పెట్టి నిటారుగా పైనుంచి ఫొటో తియ్యండి, స్కేలు లేని ఫొటోలో సైజు తెలియదు. ఠడ్డా పొడవు, కమాన్ పొడవు, నాలుగు అంచుల పొడవు కొలవండి. కమాన్ మందం నడుమ ఒకసారి, రెండు కొసల్లో ఒకసారి కొలవండి. వంటింటి డిజిటల్ కాటాలో బరువు చూడండి. సూత్రం ముడులు ముక్కు నుంచి ఎంత దూరంలో ఉన్నాయో రాయండి. కాగితమా, ప్లాస్టిక్కా? బంక మైదా లైనా, ఫెవికాలా? అంచుల్లో దారం మడిచారా? ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏ రోజు? దొరికినదైతే ఎక్కడ పడింది, గాలి ఎటు నుంచి ఉంది? ఇవన్నీ పతంగి మీద రాయకండి, విడిగా ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాసి జతచెయ్యండి. సిరా కొన్నాళ్ళకు పాకుతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. ఎండ తగలని చోట, రెండు అట్టల మధ్య పొడిగా దాచండి. మైదా బంకకు పురుగులు వస్తాయని పుస్తకాల బైండింగ్‌వాళ్ళు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, మీరు ముట్టుకోవద్దు. ఎండిన వేపాకు పెట్టి, నెలకొకసారి తెరిచి చూసుకుంటే చాలు.

రెండో పని ఇంకా ముఖ్యమైనది. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని పతంగులు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. సంక్రాంతి ముందు వారం వెళ్ళకండి, వాళ్ళకు ఊపిరాడదు. పండగ అయ్యాక తీరిగ్గా ఉంటారు. ముందు ఒకటి కొనండి, ఆ తర్వాత అడగండి. ఫొటో తియ్యడానికి, మాట రికార్డు చెయ్యడానికి, పేరు రాసుకోవడానికి ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. "ఈ పని మీకు ఎవరు నేర్పారు? వెదురు అప్పుడు ఎక్కడినుంచి వచ్చేది, ఇప్పుడు ఎక్కడినుంచి వస్తోంది? కాగితం ఎవరు కోస్తారు, బద్ద ఎవరు చెక్కుతారు, బంక ఎవరు పెడతారు? కమాన్ సరిగ్గా వచ్చిందని చేతికి ఎట్లా తెలుస్తుంది? మీ నాన్నగారి కాలంలో చేసి, ఇప్పుడు చెయ్యని రకం ఏది?" ఇవి అడగండి. ఇంట్లోని ఆడవాళ్ళను తప్పకుండా అడగండి. ఇంటి పనిగా సాగే ఇలాంటి చేతిపనుల్లో సగం పని వాళ్ళదే, అయినా మాట్లాడేది ఎక్కువగా మగవాళ్ళే. చెప్పింది చెప్పినట్టు వాళ్ళ మాటల్లోనే రాయండి, ఉర్దూ మాటైతే ఉర్దూ మాటే. మీ ఊహ కలిపితే అది మీ ఊహ అని పక్కన గుర్తు పెట్టండి.

ఒకరు చెప్పిన సంవత్సరం ఇంకొకరు చెప్పినదానితో కలవకపోతే కంగారు పడకండి, రెండూ రాయండి. పాత ఫొటో, పెళ్ళి ఆల్బం, దుకాణం రసీదు ఏదైనా దొరికితే దానితో సరిచూడండి. చరిత్రకారులు చేసేదీ ఇదే. మీరు రాసినదానికి రెండు నకళ్ళు తియ్యండి. ఒకటి ఇంట్లో పెట్టుకోండి, ఒకటి మీ బడి లైబ్రరీలో ఇవ్వండి. మీతో మాట్లాడిన ఆ పనివాళ్ళకు కూడా ఒకటి తీసుకెళ్ళి చదివి వినిపించండి. తప్పులుంటే వాళ్ళే దిద్దుతారు.

హార్‌గ్రేవ్ పేరు నేను మీకు చెప్పగలిగానంటే ఆయన రాసి అచ్చు వేయించాడు కాబట్టి. ధూల్‌పేటలో ఆయనకు తీసిపోని చేతులు తరతరాలుగా వెదురు చెక్కాయి, వాళ్ళ పేర్లు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. ఆ లోటు తీర్చడానికి పెద్ద పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. ఒక స్కేలు, ఒక పెన్సిల్, ఓపికగా వినే చెవి ఉంటే చాలు. రేపే ఒక నోట్‌బుక్కు కొనుక్కోండి. మొదటి పేజీ పైన తేదీ వెయ్యండి. దాని కింద, వాళ్ళు ఒప్పుకుంటే, ఆ పతంగి చేసినవాళ్ళ పేరు. కొలతలు ఆ తర్వాత.